స్ట్రీమింగ్ స్టిక్ బాగోలేదా, బిగించిన తీరు బాగోలేదా?

ఇంటర్నెట్ ద్వారా సినిమాలు, సీరియళ్లు చూడ్డానికి టీవీ వెనక గుచ్చే ఫైర్ టీవీ స్టిక్ లాంటి వాటి మీద వచ్చే ఫిర్యాదులు వింటుంటే తిరిగి తిరిగి అవే నాలుగైదు ఉంటాయి. సినిమా మధ్యలో దానంతటదే ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి ఆన్ అవుతోంది. ఎప్పుడు చూసినా గుండ్రంగా తిరుగుతూ బఫరింగే. ఫోర్‌కే (మామూలు హెచ్‌డీ కంటే బాగా స్పష్టమైన బొమ్మ) టీవీ, ఫోర్‌కే స్టిక్ రెండూ కొన్నా బొమ్మ మామూలుగానే ఉంది. మాటలు వినపడవు, పాటలొస్తే మాత్రం చెవులు చిల్లులు పడతాయి. వీటికి చాలాసార్లు స్టిక్ కారణం కాదు, ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లూ కారణం కాదు. పెట్టెలోంచి తీసి తగిలించిన మొదటి అరగంటలో ఏది ఎక్కడ గుచ్చారు, ఏ ప్రశ్నకు చూడకుండా ఓకే నొక్కారు అన్న దగ్గరే అసలు సంగతి ఉంటుంది. "గుచ్చండి, చూడండి" అన్నట్టుగా వీటిని అమ్ముతారు కాబట్టి ఆ అరగంటను ఎవరూ పట్టించుకోరు. కానీ కంపెనీ నుంచి వచ్చే సెట్టింగులు ప్రపంచంలో ఏ టీవీకి పెట్టినా ఏదో ఒక బొమ్మ వచ్చేలా, కంపెనీ ప్రకటనలు బాగా కనపడేలా పెట్టి ఉంటాయి. మన హాల్లో ఉన్న ఆ ఒక్క టీవీకి కుదిరేలా పెట్టుకోవడం మన పనే.

వీటికి మరీ పాత చరిత్రేం లేదు. గూగుల్ క్రోమ్‌కాస్ట్ 2013 జులైలో అమెరికాలో 35 డాలర్లకు వచ్చింది, 2014 డిసెంబరులో 2,999 రూపాయలకు మన దేశంలోకి వచ్చింది. అమెజాన్ ఫైర్ టీవీ స్టిక్‌ను ఇక్కడ 2017 ఏప్రిల్‌లో 3,999కి అమ్మకానికి పెట్టారు. అంతకు ముందే 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధరల్ని కిందికి దించేసింది, 2020లో ఆహా వచ్చింది, ఆ వెంటనే లాక్‌డౌన్‌లో జనం ఇళ్లకే పరిమితమయ్యారు, దాంతో అప్పటిదాకా ఫోన్లలో చూసేవాళ్లంతా టీవీ వైపు తిరిగారు. స్మార్ట్ టీవీలో యాప్‌లు ఉంటాయి కదా, మళ్లీ ఇదెందుకు అని అడిగేవాళ్లున్నారు. తక్కువ ధర స్మార్ట్ టీవీల్లో ప్రాసెసర్ బలహీనంగా ఉంటుంది, కొన్నేళ్లకు అప్‌డేట్లు ఆగిపోతాయి, యాప్‌లు ఒక్కొక్కటే పనిచెయ్యడం మానేస్తాయి. తెర మాత్రం శుభ్రంగానే ఉంటుంది. ఆ తెరను పారెయ్యకుండా మరికొన్నేళ్లు నడిపించడానికి స్టిక్ కంటే చవకైన దారి లేదు.

పెట్టె విప్పితే స్టిక్, రిమోట్, దానికి రెండు చిన్న సెల్స్, యూఎస్‌బీ కేబుల్, అడాప్టర్, వేలెడంత పొడవున్న హెచ్‌డీఎంఐ (టీవీకి బొమ్మ, శబ్దం అందే పోర్టు) ఎక్స్‌టెండర్ ముక్క ఉంటాయి. చివరి రెండింటినే చాలామంది మళ్లీ పెట్టెలోనే పెట్టేస్తారు. టీవీ వెనకే యూఎస్‌బీ పోర్టు కనపడుతుంటే స్విచ్ బోర్డు దాకా వైరు లాగడం దేనికని కేబుల్ తెచ్చి అందులోనే గుచ్చేస్తారు. లైటు వెలుగుతుంది, బొమ్మ వస్తుంది, పని అయిపోయిందనుకుంటారు.

సరిగ్గా అక్కడే తేడా వస్తుంది. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు నుంచి 5 వోల్టుల దగ్గర అర ఆంపియర్, అంటే రెండున్నర వాట్లు వస్తాయి. స్టిక్‌తో ఇచ్చే అడాప్టర్ 1 ఆంపియర్ ఇస్తుంది, అంటే 5 వాట్లు. మెనూలో అటూ ఇటూ తిరుగుతున్నంతసేపూ స్టిక్‌కు పెద్దగా కరెంటు అక్కర్లేదు కాబట్టి టీవీ పోర్టుతో నెట్టుకొస్తుంది. వీడియో మొదలై, వైఫై గట్టిగా లాగుతూ, ప్రాసెసర్ కూడా పూర్తిగా పనిచేసే క్షణాల్లో అవసరం పెరుగుతుంది, అందాల్సినంత అందక స్టిక్ ఆరిపోయి మళ్లీ ఆన్ అవుతుంది. సినిమా మంచి పట్టులో ఉన్నప్పుడే ఆగిపోవడానికి కారణం చాలావరకు ఇదే. టీవీ వెనక పోర్టు పక్కన చిన్న అక్షరాల్లో 5వీ 0.5ఏ అనో 5వీ 1ఏ అనో అచ్చు వేసి ఉంటుంది, ఫోన్ టార్చి వేసి చూస్తే తెలిసిపోతుంది. 1 ఆంపియర్ అని ఉంటే ఫర్వాలేదు గానీ అప్పుడూ ఇంకో చిక్కుంది. టీవీ ఆపితే ఆ పోర్టుకు కరెంటు పోతుంది, ఆన్ చేసిన ప్రతిసారీ స్టిక్ మొదటి నుంచి లేవాలి, రాత్రిపూట తనంతట తాను చేసుకునే అప్‌డేట్లు చేసుకోలేదు. అడాప్టర్ నేరుగా ప్లగ్‌లో ఉంటే ఇవేవీ ఉండవు. ఇంట్లో పడున్న పాత ఫోన్ కేబుల్, మీటర్ల పొడవున్న సన్నపాటి కేబుల్ కూడా వద్దు. పైపు సన్నదైతే ధార తగ్గినట్టు, చివరికొచ్చేసరికి వోల్టేజీ పడిపోతుంది.

ఎక్స్‌టెండర్ ముక్కను "పోర్టులో చోటు చాలకపోతే వాడండి" అన్నట్టు చూస్తారు. చోటు కోసం మాత్రమే కాదు అది. గోడకు బిగించిన టీవీకీ గోడకూ మధ్య రెండు మూడు అంగుళాల సందు ఉంటుంది, అందులో స్టిక్ నేరుగా గుచ్చితే వెనకవైపు లోహపు రేకుకు అతుక్కుని ఉంటుంది, వైఫై యాంటెన్నా కూడా స్టిక్ లోపలే ఉంటుంది కాబట్టి రేకు సిగ్నల్‌ను అడ్డుకుంటుంది. పైగా టీవీ వేడి, స్టిక్ వేడి రెండూ ఆ సందులోనే చేరతాయి, ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాన్ గాలి కూడా తగలని చోట అది ఎంత కాగిపోతుందో ముట్టుకుంటే తెలుస్తుంది. ఆ ముక్క పెడితే స్టిక్ కిందికి వేలాడుతూ కాస్త బయటికొస్తుంది. సిగ్నల్‌లో ఒక గీత పెరగడానికి ఒక్కోచోట అంతే చాలు.

ఇక వైఫై. రౌటర్లు 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు దారుల్లో పంపుతాయి. మొదటిది గోడలు దాటి దూరం వెళ్తుంది గానీ అపార్ట్‌మెంట్లలో అటు పక్క, ఇటు పక్క, పైన, కింద అందరి రౌటర్లూ అదే దారిలో ఉంటాయి, స్టిక్ రిమోట్ వాడే బ్లూటూత్ కూడా అందులోనిదే. రిమోట్ నొక్కిన కాసేపటికి కదులుతోందంటే సెల్స్ అయిపోయాయని మార్చేస్తుంటారు, ఒక్కోసారి అసలు కారణం ఈ రద్దీ. టీవీ, రౌటర్ ఒకే గదిలోనో పక్క గదిలోనో ఉంటే 5 గిగాహెర్ట్జ్‌కే కలపాలి. రెండు అంతస్తుల ఇంట్లో కింద రౌటర్, పైన టీవీ ఉంటే కాంక్రీటు స్లాబు దాటడానికి 2.4 దిక్కవుతుంది, కుదిరితే రౌటర్ నుంచి ఒక లాన్ వైరు లాగి, దాన్ని స్టిక్‌కు కలిపే ఈథర్‌నెట్ అడాప్టర్ పెట్టుకోవడం అన్నిటికన్నా నికరం. అమెజాన్ సొంత అడాప్టర్ 100 ఎంబీపీఎస్ దాకానే ఇస్తుంది, అది చాలదేమోనన్న బెంగ అక్కర్లేదు. ఎందుకంటే నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, ఫోర్‌కేకి 15 ఎంబీపీఎస్ నిలకడగా అందితే చాలు. 200 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్న ఇంట్లో బఫరింగ్ వస్తోందంటే ప్లాన్ పెంచుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు, రౌటర్‌ను ఇనప బీరువా వెనక నుంచో టీవీ యూనిట్ అరలోంచో బయటికి తియ్యడం వల్ల ఒరుగుతుంది.

ఫోన్ హాట్‌స్పాట్‌తో నడిపేవాళ్లకు ఇంకో లెక్క. 5 ఎంబీపీఎస్ చొప్పున గంట నడిస్తే దాదాపు 2.25 జీబీ అవుతుంది. రోజుకు 2 జీబీ ప్యాక్ ఇంటర్వెల్ దాకా కూడా రాదు. సెట్టింగుల్లో డేటా మానిటరింగ్ అని ఉంటుంది, దాన్ని ఆన్ చేసి వీడియో నాణ్యత తగ్గించుకుంటే సినిమా పూర్తవుతుంది. కరెంటు పోయి వచ్చే ఊళ్లలో మరో చిన్న సంగతి: కరెంటు రాగానే స్టిక్ ముందు లేస్తుంది, రౌటర్ లేచి నెట్ పట్టుకునేసరికి కాస్త ఆలస్యమవుతుంది, ఈలోగా నెట్‌వర్క్ లేదన్న హెచ్చరిక చూసి జనం సెట్టింగుల్లోకి వెళ్లి వైఫైని మర్చిపోమని నొక్కి పాస్‌వర్డ్ కోసం వెతుక్కుంటారు. రెండు నిమిషాలు ఆగితే దానంతటదే కలుస్తుంది.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చిచ్చే స్టిక్‌ల సంగతి వేరుగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన రెండు రాష్ట్రాల్లో ఆ ఇళ్లు తక్కువేం కాదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో మన దేశంలో 1 నుంచి 13 దాకా ఛానళ్లు (వైఫై సిగ్నల్ నడిచే వరుసలు, టీవీ ఛానళ్లు కావు) వాడొచ్చు, అమెరికాలో అమ్మే పరికరాలు మామూలుగా 11 దాకానే వింటాయి. ఇక్కడి రౌటర్ ఆటోలో ఉండి 12నో 13నో ఎంచుకుంటే ఇంట్లో ఫోన్లన్నిటికీ వైఫై కనపడుతుంది, ఆ స్టిక్‌కు మాత్రం కనపడదు. పాడైపోయిందని పక్కన పడేస్తారు. రౌటర్ సెట్టింగుల్లో ఛానల్‌ను 1, 6, 11లో ఒకదానికి మారిస్తే సరిపోతుంది. రెండోది ఖాతా. స్టిక్‌లో ఏ యాప్‌లు దొరుకుతాయన్నది ఖాతా ఏ దేశానిదో దాన్నిబట్టి ఉంటుంది, అబ్బాయి అమెరికా ఖాతాతో రిజిస్టర్ చేసి ఇచ్చేస్తే ఇక్కడి అమ్మానాన్నలకు కావాల్సిన యాప్ స్టోర్‌లో కనపడకపోవచ్చు. ఇక్కడి ఖాతాతో మళ్లీ రిజిస్టర్ చెయ్యడమే దారి.

రిజిస్టర్ అంటే గుర్తొచ్చింది, ఈ దశలోనే మోసాలు కూడా జరుగుతున్నాయి. తెరమీద ఒక కోడ్ వస్తుంది, దాన్ని ఫోన్‌లో ఎంటర్ చెయ్యమంటుంది. ఆ కోడ్ కొట్టాల్సిన సైటు చిరునామా తప్పు కొట్టినా, గూగుల్‌లో వెతికి పైన కనపడిన ప్రకటన నొక్కినా "యాక్టివేషన్ రుసుము" అడిగే నకిలీ సైట్లకు, నకిలీ కస్టమర్ కేర్ నంబర్లకు వెళ్లిపోవచ్చు. స్టిక్‌ను రిజిస్టర్ చెయ్యడానికి ఎవరికీ ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. మన ఫోన్‌ను అవతలివాళ్లు దూరం నుంచి నడిపించే ఎనీడెస్క్ లాంటి యాప్‌లు వేసుకోమని ఎవరైనా అన్నారంటే వెంటనే ఫోన్ పెట్టెయ్యాలి. పెద్దవాళ్లు ఒక్కరే ఉండే ఇంటికి స్టిక్ పంపేవాళ్లు ఈ మాట ముందే చెప్పి పంపడం చాలా అవసరం.

ఇప్పుడు బొమ్మ దగ్గరికి వద్దాం, డబ్బు ఎక్కువ పెట్టి తక్కువ పొందేది ఇక్కడే. ఫోర్‌కే టీవీకి ఫోర్‌కే స్టిక్ గుచ్చగానే ఫోర్‌కే రాదు. చాలా టీవీల్లో హెచ్‌డీఎంఐ పోర్టులు పాత పరికరాలతో కూడా కలవాలని తక్కువ సామర్థ్యంలో పెట్టి పంపుతారు, పూర్తి సామర్థ్యాన్ని మనమే తెరవాలి. శాంసంగ్‌లో దాన్ని ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ అంటారు, ఎల్‌జీలో హెచ్‌డీఎంఐ డీప్ కలర్, సోనీలో ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్. ఒక్కో పోర్టుకు విడివిడిగా ఉంటుంది, స్టిక్ ఉన్న పోర్టుకే ఆన్ చెయ్యాలి. పాత ఫోర్‌కే టీవీల్లో అన్ని పోర్టులూ ఒకటి కావు, ఫోర్‌కేకి కావాల్సిన హెచ్‌డీసీపీ 2.2 కాపీ రక్షణ ఒకటి రెండు పోర్టుల్లోనే ఉంటుంది, వేరేదాంట్లో పెడితే మెనూ ఫోర్‌కేలో వచ్చినా సినిమా తక్కువ నాణ్యతలోనే నడుస్తుంది. ఎవరూ మన దగ్గరికొచ్చి ఈ ముక్క చెప్పరు, తెరమీద హెచ్చరిక కూడా రాకపోవచ్చు. ఏళ్ల తరబడి అలాగే చూస్తూ ఉండిపోతారు.

మరో వైపు, 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీకి ఫోర్‌కే స్టిక్ కొనేవాళ్లు. ఆ తెరలో ఉండేవే 1366 అడ్డం, 768 నిలువు చుక్కలు. ఫోర్‌కే పంపినా అక్కడ కనపడేది అంతే. వేగం కోసం, ఎక్కువ మెమరీ కోసం కొంటే అర్థం ఉంది, బొమ్మ కోసమైతే లేదు. అలాంటి టీవీల్లో అంచులు కోసేసి సబ్‌టైటిల్స్ సగం కింద దాక్కుంటాయి. టీవీ పిక్చర్ సెట్టింగుల్లో జస్ట్ స్కాన్ అనో స్క్రీన్ ఫిట్ అనో ఉండేదాన్ని పెడితే పూర్తి బొమ్మ వస్తుంది.

హెచ్‌డీఆర్ (వెలుగునీడలు, రంగులు మరింత తేడాతో చూపే పద్ధతి) విషయంలో గట్టిగా చెప్పదగ్గది ఒకటుంది: స్టిక్‌లో "ఎప్పుడూ హెచ్‌డీఆర్" అని పెట్టొద్దు, "అడాప్టివ్" అని పెట్టాలి. ఎప్పుడూ అని పెడితే పాత సినిమాను కూడా హెచ్‌డీఆర్‌లోకి బలవంతంగా మార్చి పంపుతుంది, వెలుతురు తక్కువ ఇచ్చే చవక టీవీల్లో ముఖాలు వెలవెలబోయి రంగులు తేలిపోతాయి. ఇంకోటి కదలిక. సినిమా సెకనుకు 24 ఫ్రేములు (విడివిడి బొమ్మలు), స్టిక్ మామూలుగా పంపేది 60. అరవైలో ఇరవైనాలుగు సమంగా ఇమడదు కాబట్టి ఒక ఫ్రేమును రెండుసార్లు, ఆ తర్వాతి ఫ్రేమును మూడుసార్లు చూపిస్తారు. కెమెరా నెమ్మదిగా పక్కకు జరిగే షాట్లో, ఊరి చెరువుగట్టు మీదుగానో కొండల మీదుగానో పోతున్నప్పుడు బొమ్మ సన్నగా కుదుపుతూ కదిలేది అందుకే. "మ్యాచ్ ఒరిజినల్ ఫ్రేమ్ రేట్" ఆన్ చేస్తే స్టిక్ సినిమాకు తగ్గట్టు మారుతుంది, అన్ని యాప్‌లూ దీన్ని పాటించవు గానీ పాటించిన చోట తేడా కంటికి తెలుస్తుంది. కుదుపు పోవాలని టీవీలో ఉన్న మోషన్ స్మూతింగ్ ఆన్ చెయ్యడం మాత్రం తప్పు వైద్యం, లేని ఫ్రేములు పుట్టించి సినిమాను సీరియల్‌లా మార్చేస్తుంది. కొన్ని కొత్త టీవీల్లో అది మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది, వెతికి ఆపాలి.

మాటలు వినపడకపోవడానికి కారణం కూడా దాదాపు ఇలాంటిదే. 5.1 సౌండులో సంభాషణలు ఎక్కువభాగం మధ్య స్పీకరుకు వెళ్తాయి, మన టీవీకి ఉండేవి రెండే, అవి కూడా కిందికి చూస్తూ ఉంటాయి. ఆరు దారుల శబ్దాన్ని రెండింటిలోకి కుక్కేటప్పుడు మాట అడుగున పడుతుంది, నేపథ్య సంగీతం పైకొస్తుంది. సౌండ్‌బార్ లేని ఇంట్లో సరౌండ్ సెట్టింగును పీసీఎంకు (శబ్దాన్ని కుదించకుండా మామూలుగా పంపే పద్ధతి) మార్చి చూడాలి, యాప్‌లోనే స్టీరియో ట్రాక్ ఉంటే అది ఎంచుకోవాలి. సౌండ్‌బార్ ఉన్నవాళ్లు మాత్రం ఏఆర్‌సీ అని రాసున్న, టీవీ శబ్దాన్ని సౌండ్‌బార్‌కు పంపే పోర్టును దానికి వదిలేసి స్టిక్‌ను వేరే పోర్టులో పెట్టాలి. ఖాళీగా కనపడిందని స్టిక్‌ను ఏఆర్‌సీలో గుచ్చేసి సౌండ్‌బార్ పలకట్లేదని మెకానిక్‌ను పిలవడం మామూలైపోయింది.

సెటప్ చివర్లో వచ్చే ప్రశ్నల్ని నెక్స్ట్, నెక్స్ట్ అంటూ దాటేస్తాం. ఫైర్ టీవీలో ప్రిఫరెన్సెస్ కింద ప్రైవసీ సెట్టింగుల్లోకి వెళ్తే పరికరం వాడకం, యాప్‌ల వాడకం వివరాలు సేకరించడానికి, మీ ఆసక్తులను బట్టి ప్రకటనలు చూపించడానికి స్విచ్‌లు ఉంటాయి. అన్నీ ఆపెయ్యొచ్చు, స్టిక్ పనికి ఏ లోటూ రాదు. హోమ్ తెర మీద ట్రైలర్లు వాటంతటవే అరవడాన్ని ఫీచర్డ్ కంటెంట్‌లో ఆపాలి, ఇల్లు ప్రశాంతమవుతుంది. పిన్ విషయంలో బద్ధకం అసలు పనికిరాదు. ప్రైమ్ వీడియోలో అద్దె సినిమా, కొనే సినిమా ఒక్క నొక్కుతో అయిపోతాయి, పిల్లల చేతికి రిమోట్ వెళ్తే బిల్లు మీకు వస్తుంది. 2021 ఫిబ్రవరి ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీలు వయసు గుర్తులు వెయ్యాలి, 13 ప్లస్, ఆపైన గుర్తున్నవాటికి పేరెంటల్ లాక్ సౌకర్యం ఇవ్వాలి. ఇవ్వడం వరకే వాళ్ల బాధ్యత, ఆ లాక్ వేసుకోవాల్సింది మనమే, ఒక్కో యాప్‌లో విడిగా.

"నెలనెలా కట్టక్కర్లేదు, అన్నీ ఉచితంగా వస్తాయి" అంటూ అమ్మే పేరూ ఊరూ లేని ఆండ్రాయిడ్ బాక్సుల మీద మాత్రం మొహమాటం లేకుండా చెప్పాలి: కొనొద్దు. వాటిలో చాలావాటికి గూగుల్ ధ్రువీకరణ ఉండదు, ఫోన్ కోసం చేసిన యాప్‌లు తెచ్చి పెడతారు, కాపీ రక్షణలో అట్టడుగు స్థాయి ఉండడంతో అసలు చందా కట్టినా బొమ్మ 480పీ దగ్గరే, అంటే హెచ్‌డీ కంటే కిందే, ఆగుతుంది. అది చిన్న నష్టం. 2023 జనవరిలో టీ95 అనే బాక్సులో కొన్నప్పటి నుంచే మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) ఉన్నట్టు బయటపడింది. ఆ తర్వాత బ్యాడ్‌బాక్స్ 2.0 పేరుతో ఇలాంటి పరికరాల పెద్ద వల బయటికొచ్చింది, 2025 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ హెచ్చరిక ఇచ్చింది, జులైలో గూగుల్ దాన్ని నడిపేవాళ్ల మీద కోర్టుకెక్కుతూ కోటికి పైగా పరికరాలు అందులో చిక్కాయని చెప్పింది. ఇంటి వైఫైలో కూర్చుని మన ఇంటర్నెట్‌ను వేరేవాళ్ల మోసాలకు అద్దెకిచ్చే బాక్స్ అది, అదే వైఫైలో మన బ్యాంకు యాప్ ఉన్న ఫోన్ కూడా ఉంటుంది.

స్టిక్ ఏడాదికే నెమ్మదించిందంటే ముందు చూడాల్సింది స్టోరేజీ. మామూలు ఫైర్ టీవీ స్టిక్‌లో 8 జీబీయే, అందులో సిస్టమ్ పోను మనకు మిగిలేది ఇంకా తక్కువ. వాడని యాప్‌లు తీసేసి, వాడేవాటి క్యాష్ (యాప్ దాచుకునే తాత్కాలిక ఫైళ్లు) తుడిస్తే చాలావరకు కోలుకుంటుంది.

అన్నిటికీ రీసెట్ కొట్టే అలవాటు ఒకటుంది, దాన్ని మానుకోవాలి. 2025 మార్చి 9న ప్రపంచమంతా 2015 నాటి రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు ఒక్కసారిగా పనిచెయ్యడం మానేశాయి, వాటి లోపలున్న ఒక భద్రతా సర్టిఫికెట్ గడువు ఆ రోజుతో తీరిపోయింది. ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యొద్దని గూగుల్ చెప్పింది, కొన్ని రోజుల్లోనే అప్‌డేట్ పంపింది. ముట్టుకోకుండా వదిలేసినవాళ్లవి వాటంతటవే లేచాయి, కంగారులో రీసెట్ కొట్టినవాళ్లు మళ్లీ సెటప్ చెయ్యడానికి ఇంకొన్నాళ్లు ఆగాల్సొచ్చింది. రీసెట్ తప్పనిసరిగా చెయ్యాల్సింది స్టిక్‌ను ఇంకొకరికి ఇచ్చేటప్పుడు. ఫైర్ టీవీ అయితే ముందు మీ అమెజాన్ ఖాతాలోంచి దాన్ని డీరిజిస్టర్ చెయ్యాలి, ఆ తర్వాత రీసెట్. లేకపోతే వాళ్లు చూసేవన్నీ మీ ఖాతాలో చేరతాయి, పిన్ పెట్టకపోతే కొనేవి మీ కార్డు మీద పడతాయి.